బొటనవేలి మీద ఆమెన్

ఇది ఒక మహాగాథ. ఇందులో మనిషిని తలవైపు నుంచి మింగే గుహ ఉంది. గుహ లోపల గర్జనలున్నాయి. ప్రాణానికి తెగించి అందులోకి వెళ్ళిన ఒక విశ్వాసి ఉంది. ఆమె బయటికి వచ్చేదాకా ఎడతెగక ప్రార్థించిన ఒక నీతిమంతురాలు కూడా ఉంది. ఆ నీతిమంతురాలిని నేనే.

ఎవరైనా అప్పుడే కళ్ళు తుడుచుకుంటూ ఉంటే దయచేసి ఆపేయండి. గుహ అంటే విజయవాడలో ఒక స్కానింగ్ సెంటర్లోని ఎమ్మారై మిషను. విశ్వాసి మా అమ్మ. ఇక నీతిమంతురాలు ఆ పూట టిఫిన్ కూడా తినకుండా వచ్చి, ఎవరిమీద విసుక్కోవాలో తెలియక నిలబడి ఉంది. మహాగాథ ఇంతే. కావాలనుకున్నవాళ్ళు మిగతాది చదవచ్చు.

మాది కంకిపాడు. అమ్మ జాకెట్లు కుడుతుంది. నాన్న లారీ డ్రైవరు. ఏ రోజు ఏ రాష్ట్రంలో ఉంటారో ఆయన ఫోన్ చేస్తేనే మాకు తెలుస్తుంది. నేను ఆటోనగర్లో లారీ స్పేర్‌పార్టుల షాపులో బిల్లులు కొడతాను. ముగ్గురిలో దేవుడి విషయాలన్నీ అమ్మ శాఖ. నాన్న డ్యాష్‌బోర్డు మీద ఒక శిలువ అతికించి తన వంతు అయిపోయిందనుకుంటారు. నేనేమో ప్రతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునే విశ్వాసిని.

నమ్మకం లేక కాదు. ఉందని గట్టిగా చెప్పమంటే మాత్రం కష్టం. మా సంఘంలో ప్రార్థన అంటే నోరు తెరిచి చేసేది. కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే పక్కనున్నావిడ నిద్రపోతున్నావా అని మోచేత్తో పొడుస్తుంది. గృహకూడికల్లో ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించాలి. నా వంతు వచ్చినప్పుడు నాది నాలుగు సెకన్లలో అయిపోతుంది: "ప్రభువా, అందరినీ దీవించు, ఆమెన్." అంతకు మించి మాట్లాడితే నా గొంతు నాకే స్కూలు వార్షికోత్సవంలో నాటకంలా వినబడుతుంది. నవ్వొస్తుంది. ప్రార్థనలో నవ్వడం కంటే చెప్పుల పక్కన కూర్చోవడం మర్యాద.

ఆ వేసవిలో అమ్మ కుడిచెయ్యి మొద్దుబారడం మొదలైంది. ముందు కత్తెర జారిపోయింది. సైతాను పని అంది. తర్వాత టీ గ్లాసు జారింది. అదీ వాడి పనే అంది. తర్వాత ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు మెడ వంకరగా కత్తిరించింది. అప్పుడు సైతాన్ని వదిలేసి డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు గారు అమ్మ మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. వేళ్ళు విరవమన్నారు, ముడవమన్నారు. "తలకీ మెడకీ ఎమ్మారై తీయించండి. నరం నొక్కుకుందో, లోపల గడ్డలాంటిదేమైనా ఉందో చూడాలి" అన్నారు. ఆ మాట ఆయన టీ తాగారా అన్నంత మామూలుగా అన్నారు. నేను మాత్రం ఆయన రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచాను.

రోడ్డు మీదికి వచ్చాక అమ్మ ఒకటే అడిగింది. "ఆ మిషను మూసేసుంటదా, తెరిచుంటదా?"

గడ్డ గురించి అడగలేదు. అమ్మ భయం వేరే ఉంది. కొన్నేళ్ళ క్రితం వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపు లిఫ్టులో ఉండగా కరెంటు పోయి, ఇరవై నిమిషాలు చీకట్లో నలుగురు మనుషులతో, ఒక జరీ చీరల మూటతో ఇరుక్కుంది. అప్పటినుంచి ఎన్ని అంతస్తులైనా మెట్లే. ఇంట్లో స్నానాల గదికి గడియ కూడా పెట్టదు. లోపల ఉన్నట్టు తెలియడానికి పాట పాడుతుంది. పాట వినబడినంతసేపు ఎవరం అటు వెళ్ళం. చరణం మరిచిపోయి ఆగిందంటే మేమే బయటినుంచి అందించాలి.

అలాంటి మనిషిని నలభై నిమిషాలు సొరంగంలో పడుకోబెట్టాలి.

స్కానింగ్ ముందు వారమంతా ఇంట్లో ప్రార్థనలే. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వచ్చి అమ్మ నుదుటికి నూనె రాసి ధైర్యం చెప్పి వెళ్ళారు. సంఘంలో ఆంటీలూ ధైర్యం చెప్పడానికే వచ్చారు. ఒకావిడ, "మా తోడికోడలికీ అచ్చం ఇలాగే చెయ్యి పట్టు తప్పింది వదినా" అంది.

"తగ్గిందా?" అంది అమ్మ ఆశగా.

"ఎక్కడ తగ్గిద్ది? ప్రభువు దగ్గరికెళ్ళిపోయింది."

ఆవిడకి టీ ఇచ్చింది నేనే. చక్కెర వేశానో లేదో గుర్తులేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. టెక్నీషియన్ నా వయసువాడే, రాత్రి డ్యూటీ కూడా చేసిన మొహంతో ఉన్నాడు. "అమ్మా, బంగారం, గాజులు, మెట్టెలు, ఇనప వస్తువు ఏదున్నా తీసేయండి" అన్నాడు.

"నా ఒంటిమీద ఏమీ ఉండవు బాబూ. బాప్తిస్మం రోజే అన్నీ తీసేశా" అంది అమ్మ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నట్టు.

అతను చేతిలో ఉన్న డిటెక్టరు దగ్గర పెట్టగానే అది కీచుమంది. కుచ్చిళ్ళ దగ్గర పిన్నీసు. భుజం మీద రెండు. కొంగు చివర, దర్జీ పనిచేసేవాళ్ళ అలవాటు ప్రకారం, దారంతో సహా గుచ్చిపెట్టిన సూది.

"ఇవి నగలు కాదుగా" అంది అమ్మ.

"మిషనుకి తేడా తెలీదమ్మా."

గౌను ఇచ్చారు. అమ్మ దాని అంచులు తిరగేసి చూసి, "ఎవరు కుట్టారో గానీ సిగ్గుండాలి, కుట్టు మధ్యలోనే వదిలేశారు" అంది. కుట్టుని తిట్టినంతసేపు ధైర్యంగానే ఉంది. అంతలో గది తలుపు తెరుచుకుంది. ఆ తెల్లటి గుండ్రటి నోరు చూసి తిట్లు ఆపేసింది.

పడుకోబెట్టారు. చెవుల్లో దూదిలాంటివి కుక్కి, మొహం మీద జాలీలాంటిది బిగించి, ఎడమచేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టారు. భయమేస్తే నొక్కమన్నారు. నన్ను అద్దం ఇవతల గదిలో కూర్చోబెట్టారు. బల్ల మెల్లగా లోపలికి కదిలింది. తల ఇంకా పూర్తిగా లోపలికి పోనేలేదు, ఇక్కడ బెల్లు మోగింది.

"ఇంకా మొదలుపెట్టలేదమ్మా" అన్నాడు మైకులో.

"మొదలుపెట్టకముందే భయమేసింది బాబూ."

సర్ది చెప్పి మళ్ళీ పంపాడు. ఈసారి లోపలికి వెళ్ళింది. మిషను మోత మొదలైంది. పర్వాలేదు, పని అవుతోంది అనుకున్నాను. అతను మాత్రం స్క్రీను వైపు చూసి నుదురు చిట్లించాడు. అమ్మ మెడ ఉండాల్సిన చోట తడిచేత్తో చెరిపిన ముగ్గులాంటిది కనిపిస్తోంది. మోత ఆపి మైకు వేశాడు. లోపలినుంచి అమ్మ గొంతు, మా సంఘంలో మైకు లేకుండానే వీధి చివరిదాకా వినబడే గొంతు: "స్తోత్రం తండ్రీ! స్తోత్రం యేసయ్యా! నన్ను విడువకయ్యా!"

"అమ్మా, మాట్లాడకూడదు."

"మాట్లాడట్లేదు బాబూ. ప్రార్థన చేసుకుంటన్నా."

"ప్రార్థన చేస్తే గొంతు కదులుద్ది కదమ్మా. మనం తీసేది గొంతు వెనకాలే. మనసులో చేసుకోండి."

ఈసారి అమ్మ చాలా చిన్నగా అంది. "భయం కూడా మనసులోనే ఉంది కదా బాబూ. రెండూ ఒకచోట ఎట్టా పడతయ్?"

నేను ప్రతిదానికీ నవ్వుతానని పేరున్నదాన్ని. దానికి నవ్వలేదు.

బయటికి తెచ్చారు. మత్తు ఇచ్చి తీయాలంటే ఆ డాక్టరు ఉండాలి, ఆయన ఇంకో వారానికి గానీ రారు అన్నాడు టెక్నీషియన్. లేదా తర్వాతి పేషెంటు అయ్యాక ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం, అరగంట పడుతుంది అన్నాడు. అమ్మ గౌనులోనే కారిడార్ బెంచీ మీద కూర్చుంది. పనిచేయని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

"వద్దులేవే, ఇంటికి పోదాం. గడ్డ ఉంటే ఉంటది. ప్రభువే చూసుకుంటాడు."

"ప్రభువు చూసుకోవాలన్నా ఫిల్మ్ కావాలి కదమ్మా" అన్నాను. అలవాటు కొద్దీ అనేశాను. ఆమె నవ్వలేదు. ఇప్పుడు ఇంటికి పోతే ఆమె మళ్ళీ ఈ గుమ్మం తొక్కదని నాకు తెలుసు. లిఫ్టు విషయంలో చూశాను. ఆ చెయ్యి పైనుంచి కిందికి మెల్లగా చచ్చిపోతూ ఉంటుంది, మేం సైతాన్ని తిడుతూ ఉంటాం.

ఏం చేయాలో తోచక అయ్యగారికి ఫోన్ చేశాను. "వందనాలు అయ్యగారూ. ఒక సందేహమండీ. మనసులో చేసుకున్న ప్రార్థన చెల్లుద్దా?"

ఇలాంటి ప్రశ్న నానుంచి వస్తుందని ఆయన అనుకోలేదు. "చెల్లుతుందమ్మా. పాత నిబంధనలో ఒక తల్లి లేదూ? బిడ్డ కోసం మందిరంలో పైకి వినబడకుండా ప్రార్థన చేసుకోలేదూ?" అన్నారు.

ఫోను స్పీకర్లో ఉంది. అమ్మ వంగి ఫోనుతో అంది. "ఆ తల్లి పెదాలు కదిలినయ్యని రాసుంది కదండీ."

"కదిలినయ్. అది నిజమే" అన్నారు అయ్యగారు.

"ఈ బాబు పెదాలు కూడా కదలకూడదంటన్నాడండీ."

"అయితే మీ అమ్మాయిని చెయ్యమనండి. మీ బదులు."

ఆ తర్వాత ఆయన ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టి చాలాసేపు చేశారు. సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేచి చూసి, ఏమనాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఫోన్ పెట్టేశాక అమ్మ నా వైపు చూసింది. మామూలుగా అమ్మ నన్ను ఏదీ అడగదు, చెప్తుంది. బట్టలు ఆరేయి, గ్యాసు ఆపు, నోరు ముయ్యి. ఇప్పుడు అడిగింది.

"ఏమే, చేస్తావా?"

"నాకు రాదమ్మా. నీకు తెలుసుగా."

"ఎవరికొచ్చు? నోరు తెరిస్తే అదే వస్తది."

"నేను చేసినా నీకు వినబడదు. చెవుల్లో దూది, పైన ఆ మోత."

అమ్మ ఆలోచించింది. జాకెట్టుకి గుడ్డ చాలనప్పుడు ఎక్కడ అతుకు వేస్తే కనబడదా అని ఆలోచించే మొహం అది. "నా కాళ్ళు బయటే ఉంటయ్ కదా. బొటనవేలు పట్టుకో. ఒక్కో ప్రార్థన అయిపోయినప్పుడల్లా నొక్కు. నేను లోపల ఆమెన్ అనుకుంటా. నోరు తెరవకుండా."

టెక్నీషియన్‌ని అడిగాం. అతని ఉద్యోగంలో ఇలాంటి దరఖాస్తు రాలేదనుకుంటాను. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మెల్లగా నొక్కండి. తల కదలకుండా ఉంటే చాలు. లోపల ఉండాలంటే మీ పిన్నులు కూడా తీసేయండి" అన్నాడు.

అలా నేను గుహలోకి వెళ్ళాను. గుహ అని ఎందుకంటున్నానో గానీ, మోత మొదలవగానే నాకు షాపుకి వచ్చినట్టనిపించింది. ముందు రివెట్లు కొట్టినట్టు టకటక. తర్వాత గ్రైండరు. తర్వాత తుప్పుపట్టిన నట్టుని విప్పలేక బాదుతున్నట్టు. లారీలకి బాడీలు కట్టే షెడ్డు పక్కనే నా రోజంతా గడుస్తుంది. అమ్మకి నరకంలా వినబడేది నాకు సోమవారంలా వినబడింది.

అమ్మ బొటనవేలు పట్టుకున్నాను. కుట్టుమిషను తొక్కీ తొక్కీ గట్టిపడిన పాదం. చల్లగా ఉంది.

"ప్రభువా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. అదే నన్ను కాపాడింది. వినబడని గొంతులో నాటకం ఉండదు. "అమ్మకి గడ్డ ఉండకూడదు." నొక్కాను. వేలు కొంచెం కదిలింది. ఆమెన్ చేరింది. "చెయ్యి బాగవ్వాలి." నొక్కాను. "నాన్న లారీ ఎక్కడున్నా జాగ్రత్త." నొక్కాను. "ఆ పెళ్ళికూతురు జాకెట్టు సంగతి మర్చిపోవాలి." నొక్కాను.

మూడు నిమిషాల్లో నా అవసరాలన్నీ అయిపోయాయి. ఇంకా ముప్పై ఏడు నిమిషాలుంది.

ఆదివారం బడిలో నేర్చుకున్న ప్రార్థన చెప్పాను. భోజనం ముందు చెప్పేది చెప్పాను, అక్కడ భోజనం లేకపోయినా. పడుకునే ముందు చెప్పేదీ అయిపోయింది. ఇంకేం అడగాలి? సంఘంలో ఆంటీలు గంటలు గంటలు ఏమడుగుతారో ఒక్కరోజైనా విని ఉండాల్సింది. కాస్త ఆలస్యమైతే అమ్మ పిక్క వణకడం మొదలవుతోంది. వేలు నొక్కగానే ఆగుతోంది. దాంతో షాపులో స్టాకు చదవడం మొదలుపెట్టాను. క్లచ్ ప్లేటు, ఆమెన్. బ్రేక్ లైనింగు, ఆమెన్. వీల్ బేరింగు, పెద్దది, ఆమెన్. చివరికి స్టాకు కూడా అయిపోయి, ఏమీ అనకుండానే వేలు నొక్కడం మొదలుపెట్టాను. ఖాళీ ఆమెన్లు. లోపల పాపం ఆమె ఒక్కోదానికి భక్తిగా తల ఊపకుండా ఊపుతూ ఉంటుంది. బయట కూతురు మోసం చేస్తోంది.

ఒకచోట మోత ఠక్కున ఆగిపోయింది. ఒక వరస అయిపోయి ఇంకో వరస మొదలయ్యేలోపు మిషను అలా ఆగుతుందని నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో గదిలో ఒక గొంతు వినబడింది. "నాకు భయంగా ఉంది" అంటోంది. అది నాదే. ఎప్పటినుంచి అంటున్నానో, ఎన్నిసార్లు అన్నానో నాకు తెలియదు. వేలు నేను నొక్కలేదు. అమ్మే బొటనవేలితో నా అరచేతిని ఒక్కసారి గట్టిగా ఒత్తింది.

మళ్ళీ మోత మొదలైంది.

అప్పుడేం జరిగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. భయం పోలేదు. పోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ పోలేదు. ఇద్దరు కూర్చునే బస్సు సీట్లో మూడో మనిషి వచ్చి, కాస్త జరగమ్మా అని సర్దుకుని కూర్చుంటే ఎలా ఉంటుంది? ఇరుకు తగ్గదు. కానీ మలుపులో పడిపోం. అలా అనిపించింది. అది దేవుడేనా? ఏసీ గాలి సరిగ్గా నా వీపు మీదికే వస్తోంది. పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. ఈ రెండింటినీ తీసేసి లెక్కచూస్తే ఎంత మిగులుతుందో తెలియదు. ఏమీ మిగలదని మాత్రం అనలేను.

"సూపరమ్మా, అస్సలు కదల్లేదు" అన్నాడు టెక్నీషియన్ చివర్లో. అమ్మ లేచి కూర్చుని, ముందు తన సూది ఎక్కడుందో అడిగింది.

కంకిపాడు బస్సులో నాకు మనసు ఆగలేదు. "అమ్మా, ఒకటి చెప్తా, తిట్టకు. సగంసార్లు నేనేం ప్రార్థన చెయ్యలేదు. ఊరికే నొక్కా."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"గబగబా నొక్కావుగా. అంత గబగబా ఏ ప్రార్థన అవుద్దే?" కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ అంది. "నువ్వు ఖాళీగా నొక్కినప్పుడల్లా నేనే ఏదో ఒకటి అడిగేశా. ఆమెన్ వృథాగా పోనిస్తామా?"

"ఏమడిగావు?"

"నీ గురించే. ఇంకేం గుర్తొస్తయ్ లోపల?"

ఇక్కడ నా లెక్క పూర్తిగా తప్పింది. అమ్మ కోసం నేను ప్రార్థిస్తున్నానని ఆమె ధైర్యంగా ఉంది. నేనేమో ప్రార్థించడం లేదు. నేను ప్రార్థించడం లేదని తెలిసి ఆమె నాకోసం ప్రార్థించింది. ఆ సమయంలోనే నాకు ఆ మూడో మనిషి వచ్చి కూర్చున్నట్టనిపించింది. మరి ఎవరు ఎవరికి ధైర్యం ఇచ్చినట్టు? బస్సు దిగేదాకా ఆలోచించాను. మా స్టాపు దాటిపోయింది. వెనక్కి నడవాల్సి వచ్చింది.

మర్నాడు ఆదివారం అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. "మా అమ్మాయి నలభై నిమిషాలు నా కాళ్ళ దగ్గర నిలబడి విజ్ఞాపన చేసిందండీ" అంది. సంఘమంతా వెనక్కి తిరిగి చెప్పుల వైపు చూసింది. స్తోత్రాలు వినబడ్డాయి. అది అబద్ధం కాదు. నిజమని ఒప్పుకోడానికి నాకు ధైర్యం లేదు, కాదని లేచి చెప్పడానికి అంతకంటే లేదు. కూడిక అయ్యాక ఒకావిడ మోకాళ్ళ కోసం, ఇంకొకావిడ కడుపు నిలవని గేదె కోసం ప్రార్థించమని నన్నడిగారు. సరేనన్నాను. ఇంటికి వెళ్ళి నిజంగానే చేశాను. గేదె కోసం చేసింది నాలుగు సెకన్లకంటే ఎక్కువే పట్టింది. నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అదీ తెలియదు.

సోమవారం డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూస్తుంటే, బల్ల కింద అమ్మ కాలు వచ్చి నా కాలు మీద ఆనింది. ఇద్దరం కదల్లేదు.

"గడ్డేమీ లేదు" అన్నారాయన.

అమ్మ ఏడ్చేసింది. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల ఒక జనరేటరు తప్ప ఏమీ లేదు, దాన్నే చాలాసేపు చూశాను.

"మెడ దగ్గర డిస్కు జరిగి నరం మీద ఒత్తుతోంది. ఏం పని చేస్తారమ్మా?"

"జాకెట్లు కుడతానండి."

"వంగేనా?"

"వంగకుండా ఎట్టా కుడతారండీ?"

ఆపరేషను అక్కర్లేదన్నారు. మెడకి రోజూ చేయాల్సిన వ్యాయామాలు ఒక కాగితం మీద బొమ్మలతో సహా ఇచ్చారు. తలకింద ఒక్క దిండే వాడాలి, కుట్టుమిషను ఎత్తు పెంచాలి అన్నారు. దాని నాలుగు కాళ్ళ కిందా ఇటుకలు పెట్టాం. ఒక ఇటుక అరిగి ఉండటంతో మిషను ఊగుతోంది, దానికింద అట్టముక్క మడిచి పెట్టాం. ఇప్పుడు స్టూలు పొట్టిదైపోయింది, ఇంకోటి చూడాలి.